కొలబద్ద ఎవరి చేతిలో ఉండేది?

ఇటీవల ఒక పర్యాటక పత్రికలో తీరప్రాంత పరిశ్రమల వారసత్వం మీద ఒక సుదీర్ఘ వ్యాసం చదివాను. పాత ఉప్పుమడులు, చేపలను ఉప్పులో ఊరవేసిన కొట్లు, తిమింగలాల కొవ్వు కాచిన బానలు, ముత్యాల వర్తకుల మేడలు, అన్నిటికీ మంచి ఫోటోలు ఉన్నాయి. రాసినవారు శ్రద్ధగానే రాశారు. అయితే వ్యాసం నిండా ఒకే ధోరణి: ఒకప్పటి తీరవాసులు సముద్రం ఇచ్చినంత మాత్రమే తీసుకున్నారు, ఆ తర్వాత యంత్రాలు వచ్చి ఆ సమతూకాన్ని చెడగొట్టాయి, కాబట్టి మిగిలిన పనిముట్లనూ కట్టడాలనూ భద్రపరచుకోవడమే మన వంతు. వీటిలో మొదటి రెండు మాటలూ చరిత్ర ముందు నిలవవని, వాటి మీద ఆధారపడ్డ మూడోది అందుకే సగం పనిగా మిగిలిపోతోందని నా అభిప్రాయం.

తీరంలో ఏ పరిశ్రమ పుట్టినా దానితోపాటే ఒక కొలత పుడుతుంది. ఎంత తీయవచ్చు, ఏ కాలంలో తీయవచ్చు, ఎవరు తీయవచ్చు, తీసినదానిలో ఎవరి వాటా ఎంత అన్నది తేల్చకుండా వల వేసినవాళ్ళు ఎక్కడా లేరు. ఆ కొలతను ఎవరు పెట్టారో, ఏ అవసరం కోసం పెట్టారో, దాన్ని ఎవరు ధిక్కరించారో చెప్పకుండా వలను మాత్రం గాజుపెట్టెలో పెడితే, ఆ పరిశ్రమ గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. వారసత్వం పేరిట మనం దాచుకోవలసినవాటిలో కొలబద్దదే మొదటి స్థానమని ఇక్కడ వాదించదలచుకున్నాను. ఈ వాదనలో నాకే తృప్తినివ్వని చోట్లు కొన్ని ఉన్నాయి. వాటినీ దాచను.

యంత్రం రాకముందు

యంత్రాలు రాకముందు అంతా సవ్యంగా ఉండేదన్న నమ్మకానికి డెన్మార్క్‌లోని లేసో దీవి మంచి జవాబు. ఆ దీవి పల్లపు బీళ్ళ కింద ఊరే నీరు చుట్టూ ఉన్న సముద్రపు నీటికన్నా కొన్ని రెట్లు ఉప్పగా ఉంటుంది. మధ్యయుగాల నుంచీ జనం అక్కడ గుంటలు తవ్వి, ఆ నీటిని తోడి, పాకల్లో పెద్ద పెనాల మీద కాచి ఉప్పు తీశారు. ఆవిరియంత్రం లేదు, విదేశీ కంపెనీ లేదు. ఉన్నవల్లా పార, పెనం, కట్టెలు. ఆ కట్టెల కోసం దీవి మీది అడవి అంతా పొయ్యిలోకి పోయింది. చెట్లు పోయాక ఇసుక కదిలి పొలాలనూ ఇళ్ళనూ కమ్మేయసాగింది. 1652 నాటికి ఉప్పు కాచడం ఆగిపోయింది.

కలప దొరకని ఆ దీవిలో ఇళ్ళు కట్టుకోవడానికి, పగిలిన ఓడల నుంచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన దూలాలే ఆధారమయ్యాయి. పైకప్పుకు సముద్రపు గడ్డి వాడారు. మగవాళ్ళు ఓడల మీద ఉండే కాలంలో ఆడవాళ్ళే ఆ గడ్డిని లావుపాటి మోకుల్లా మెలిపెట్టి, వాసాలకు చుట్టి, ఆపైన ఇంకా గడ్డి పరిచి, మీటరు మందం వచ్చేలా కప్పు వేసేవారు. 1930ల్లో అట్లాంటిక్ తీరాల వెంట ఆ గడ్డికి తెగులు సోకి, కొత్త కప్పులకు సరుకే లేకుండా పోయింది. ఇప్పుడు ఆ దీవికి వెళ్ళేవాళ్ళు తప్పక చూసేవి రెండు: మిగిలిన గడ్డికప్పు ఇళ్ళు, 1990ల మొదట్లో మళ్ళీ కట్టిన ఉప్పు పాక. రెండూ చూడదగ్గవే. కానీ మొదటిది ఎందుకు పుట్టిందో రెండోదాన్ని అడగాలి. ఒక పరిశ్రమ తెచ్చిపెట్టిన కలప కరువులోంచి వచ్చిన నైపుణ్యాన్నీ, ఆ కరువుకు కారణమైన పరిశ్రమనూ ఒకే దీవి మీద రెండు వేర్వేరు సంప్రదాయాలుగా చూసి మురిసిపోతే లేసో కథ మనకు అందనట్లే. ఉప్పుకు వాళ్ళ దగ్గర కొలత ఉంది, కట్టెకు లేదు. ఆ దీవి చరిత్ర అంతా ఈ తేడాలోనే ఉందని నాకనిపిస్తుంది.

నాచు బూడిద

కొలత లేకపోవడం ఒక సమస్య అయితే, కొలత ఉండి అది ఒక్కరి చేతిలోనే ఉండటం ఇంకో సమస్య. ఇందుకు స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల నాచు పరిశ్రమను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

గాజుకూ సబ్బుకూ కావలసిన సోడా కోసం అక్కడ సముద్రపు నాచును కాల్చేవారు. ఈ పని 1722లో స్ట్రాన్సే అనే దీవిలో మొదలైంది. ఆడా మగా పిల్లా జెల్లా చలినీళ్ళలో దిగి నాచు కోసి, ఒడ్డుకు మోసి, గడ్డి మీద ఆరబెట్టి, రాళ్ళు పేర్చిన గుంటల్లో గంటల తరబడి కాల్చేవారు. గుంటలో నాచు కరిగి ముద్దయ్యేదాకా పొడవాటి ఇనుప కడ్డీలతో కలియబెట్టాలి. అది చల్లారి రాయిలా గట్టిపడ్డాక ముక్కలు కొట్టి ఓడకెక్కించాలి. సుమారు 20 టన్నుల పచ్చినాచుకు ఒక టన్ను సరుకు వచ్చేది.

1742లో స్ట్రాన్సే జనం ఈ బట్టీల మీద తిరగబడ్డారు. పొగకు చేపలు తీరం వదిలి పోతున్నాయని, బండల మీది నత్తలు చస్తున్నాయని, పంట మాడుతోందని, పశువులు చూలు కట్టడం లేదని వాళ్ళ ఫిర్యాదు. కోర్టు వాళ్ళనే శిక్షించింది. తర్వాతి కాలపు రచనల్లో ఈ సంఘటనను పల్లెటూరి మూఢనమ్మకానికి నమూనాగా చెప్పడం పరిపాటి. పొగ వల్ల ఆవులు గొడ్డుపోతాయన్నది తేలని మాటే, ఒప్పుకుంటాను. కానీ ఆ నాచు అప్పటిదాకా ఆ రైతుల పొలాలకు ఎరువు. ఒడ్డున పడి ఉన్నదాన్ని ఎత్తుకుపోయి చేనులో వేసుకునే అలవాటు మీద, దాన్ని కాల్చి అమ్ముకునే భూస్వామి హక్కు వచ్చి కూర్చుంది. వాళ్ళు చెప్పిన కారణాలు సరిగా లేకపోవచ్చు, వాళ్ళకు కలిగిన నష్టం మాత్రం నిజం. నష్టపోయినవాళ్ళు తమ నష్టాన్ని కోర్టు భాషలో చెప్పలేకపోవడం ఆ ఒక్క దీవికి పరిమితమైన సంగతి కాదు.

నెపోలియన్‌తో యుద్ధాలు జరిగిన కాలంలో బయటి నుంచి సోడా రావడం కష్టమై, టన్ను ధర 20 పౌండ్ల దాకా వెళ్ళింది. అందులో నాచు కాల్చినవాళ్ళకు ముట్టింది చిన్న వంతే. స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న హెబ్రిడీస్ దీవుల్లోనూ ఇదే వరస. అక్కడ భూస్వాములు కౌలు చెక్కలను కుటుంబం గడవనంత చిన్నవిగా కత్తిరించారు, గడవకపోతే నాచు పనికి వస్తారని. జనం వలసపోకుండా 1803 నాటి ప్రయాణికుల ఓడల చట్టం ఉపయోగపడింది. ఓడలో ఇంతమందినే ఎక్కించాలని, ఇంత తిండి పెట్టాలని ఆ చట్టం చెబుతుంది. చదవడానికి ఎంతో దయగల చట్టం. దాని వల్ల ఓడ టికెట్టు ధర పెరిగి పేదవాడు ఉన్నచోటే ఉండిపోయాడు, దాన్ని గట్టిగా సమర్థించినవారిలో నాచు భూస్వాములున్నారు.

1815లో యుద్ధం ముగిసింది. 1825లో బ్రిటన్ ఉప్పు పన్ను ఎత్తేసింది, ఉప్పు నుంచి సోడా తీసే లబ్లాంక్ పద్ధతికి చవకగా ముడిసరుకు దొరికింది, నాచు ధర కూలిపోయింది. అంతవరకు కదలనివ్వకుండా పట్టి ఉంచిన జనమే ఇప్పుడు భూమికి భారమైపోయారు. ఓడ టికెట్టు కొనిచ్చి మరీ పంపించేశారు. ఈ వందేళ్ళ కథలో నాచు తరిగిపోలేదన్నది గమనించాలి. ప్రతి ఏడూ మొలిచింది, ఇప్పటికీ మొలుస్తోంది. వనరు తరగలేదు కాబట్టి పరిశ్రమ నిలకడైనదేనని లెక్క కట్టేవాళ్ళకు ఆర్క్‌నీ ఒక హెచ్చరిక. బండల మధ్య ఆ గుంటలు ఇంకా కొన్ని ఉన్నాయి, గడ్డి మొలిచి గుండ్రంగా, బొమ్మ గీసినట్టు ఉంటాయి. వాటి పక్కన 1803 చట్టం ప్రతి ఒకటి ఉంటే బాగుండునని నా కోరిక.

మంచి కొలతల సంగతి

ఇంతదాకా చెప్పింది వింటే తీరాల్లో నియమాలన్నీ దోపిడీ కోసమే పుట్టాయన్నట్టు ఉంటుంది. అది సరికాదు.

మన్నారు సింధుశాఖలో శంఖాల వేటకు డచ్చివాళ్ళ కాలం నుంచీ ప్రభుత్వ గుత్తాధిపత్యం ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో తూత్తుకుడి గిడ్డంగిలో ఒక తతంగం జరిగేది. గజఈతగాళ్ళు తెచ్చిన ప్రతి శంఖాన్నీ రంధ్రం ఉన్న ఒక చెక్కలో పెట్టి చూసేవారు. రంధ్రంలోంచి జారిపోయిన శంఖం చిన్నదని లెక్క, దాన్ని పక్కన పడేసి తిరిగి సముద్రంలోకి పంపేవారు, లోపలి జీవి తేరుకుని మళ్ళీ పెరుగుతుందేమోనన్న ఆశతో. ఆ చెక్కముక్కలో నాకు ఒకేసారి రెండు సంగతులు కనిపిస్తాయి. పిల్ల శంఖాన్ని వదిలేయాలన్న తెలివి ఒకటి. అది నీళ్ళ నుంచి బయటికి వచ్చి, పడవెక్కి, గిడ్డంగి చేరి, వరసలో ఎదురుచూశాక గానీ ఆ తెలివికి అవకాశం రాకపోవడం రెండోది. పైగా ఆ శంఖాలు చాలామట్టుకు బెంగాల్‌కు వెళ్ళేవి, గాజులుగా కోయడానికి. మణికట్టుకు పట్టనంత చిన్న శంఖానికి అక్కడ గిరాకీ లేదు. కనుక ఆ రంధ్రం సైజు శంఖం వయసును చూసి పెట్టారా, గాజు కొలతను చూసి పెట్టారా అన్న అనుమానం నాకుంది. రెండూ కలిసి ఉండవచ్చు. అలా కలిసిన చోటే నియమాలు ఎక్కువ కాలం నిలిచాయని కూడా అనిపిస్తుంది.

కొరియాలోని జెజు దీవిలో హెన్యోలనే ఆడవాళ్ళు గాలిసిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తలూ నాచూ తెస్తారు. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. వాళ్ళ నియమాల్లో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ముసలివాళ్ళ కోసం లోతు తక్కువ ఉన్న చోట్లను వదిలిపెట్టడం. ఊపిరి చాలని అవ్వ పోటీ పడలేదు, కాబట్టి ఒడ్డుకు దగ్గరి నీళ్ళలోకి వయసులో ఉన్నవాళ్ళు దిగరు. సిలిండరు వాడకపోవడమూ అలాంటి కొలతే: మనిషి ఊపిరికి అందినంతే తేవాలి. అయితే దీన్ని వేల ఏళ్ళుగా మారని ఆచారంగా చూపించడంలో అతి ఉంది. 1970ల్లో రబ్బరు దుస్తులు వచ్చాయి. అంతకుముందు నూలుబట్టల్లో చలికి తట్టుకోలేక త్వరగా ఒడ్డెక్కేసేవాళ్ళు ఆ తర్వాత గంటలకు గంటలు నీళ్ళలో ఉండగలిగారు. అంటే అంతకుముందు చలి కూడా ఒక కొలబద్దే. అది పోయాక పని రోజులకూ వేళలకూ హద్దులను ఊరి సంఘాలే పెట్టుకోవలసి వచ్చింది. సంప్రదాయం గొప్పతనం ఉంటే ఆ సవరించుకోవడంలోనే ఉంది.

ఇక నన్ను ఇబ్బందిపెట్టే ఉదాహరణ పులికాట్ సరస్సు. అక్కడ రొయ్యల కోసం వల కట్టే చోట్లను చీట్లు తీసి, వంతుల ప్రకారం పంచుకునే ‘పాడు’ పద్ధతి ఉంది. మంచి చోటు ఎప్పుడూ ఒకడికే దక్కదు, వలలు మితిమీరి పెరగవు, తగవు వస్తే ఊరి పెద్దలు తీరుస్తారు. ఉమ్మడి వనరుల నిర్వహణ మీద రాసేవాళ్ళు దీన్ని మెచ్చుకుంటారు, అందుకు కారణాలున్నాయి. కానీ ఆ చీట్లలో పేరుండే అర్హత పట్టినవర్ కులపు పురుషులకే. ఆ కులం కానివాళ్ళకు అదే నీటిలో ఆ హక్కు లేదు. వలల సంఖ్య తక్కువగా ఉండటానికీ కొందరిని బయట ఉంచడానికీ సంబంధం లేదని నేను అనలేను. ఆ బహిష్కరణ తీసేస్తే పద్ధతి నిలుస్తుందా, ఇంకో కొలత పుడుతుందా అన్నదానికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఇలాంటి పద్ధతిని వారసత్వమని ప్రకటించేటప్పుడు చీట్లు వేసిన కుండతోపాటు, ఆ కుండలో పేరు పడనివాళ్ళ మాట కూడా నమోదు కావాలని మాత్రం అంటాను.

మ్యూజియం న్యాయస్థానమా?

ఈ విషయాలు చెబుతుంటే పాత దస్తావేజుల పని చేసే ఒక మిత్రుడు అడ్డు చెప్పాడు. "మ్యూజియం న్యాయస్థానం కాదయ్యా. నూనె బాన చూసి మురిసిపోదామని వచ్చినవాడికి పద్దు పుస్తకం చూపిస్తే వాడు మళ్ళీ రాడు. పైగా ఆ రోజుల్లో సముద్రం తరిగిపోతుందని ఎవరికి తెలుసు? మన తెలివిని వాళ్ళ నెత్తిన రుద్దడం అన్యాయం" అన్నాడు.

రెండో మాటకు జవాబు సులభం. తెలిసినవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. 1860ల్లో బ్రిటన్ సముద్రపు చేపల మీద వేసిన రాయల్ కమిషన్ ముందు, సముద్రంలో ఈడ్చుకుపోయే ట్రాల్ వలల వల్ల చేప తగ్గుతోందని మొరపెట్టుకున్నవాళ్ళు జాలర్లే. కమిషన్ వాళ్ళ మాట నమ్మక, ఉన్న ఆంక్షలు కూడా ఎత్తేయమని 1866లో సిఫారసు చేసింది. ఆ కమిషన్ సభ్యుడూ పేరున్న జీవశాస్త్రవేత్తా అయిన థామస్ హక్స్లీ 1883లో లండన్ మత్స్య ప్రదర్శనలో మాట్లాడుతూ, కాడ్, హెర్రింగ్ వంటి పెద్ద సముద్రపు వేటలు బహుశా తరగనివని అన్నాడు. అనుమానం వలవాడిది, ధీమా శాస్త్రవేత్తది. 1992 జులైలో కెనడా ప్రభుత్వం న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర కాడ్ వేటను మూసేసినప్పుడు సుమారు 30,000 మందికి పని పోయింది. అక్కడా చేప చిన్నదైపోతోందని, తగ్గిపోతోందని ముందుగా అన్నది ఒడ్డుకు దగ్గరగా వేటాడే చిన్న పడవలవాళ్ళే. పెద్ద ట్రాలర్ల పట్టుబడి బాగానే ఉందన్న అంకెల ముందు ఆ మాట చాలాకాలం నిలవలేదు. మిగిలిన చేపలు ఒకచోట గుమిగూడితే వెతికే పరికరాలున్న ట్రాలరుకు పట్టుబడి బాగానే ఉంటుంది మరి. కాబట్టి నేటి తెలివిని నిన్నటివాళ్ళ మీద రుద్దే అవసరం నాకు లేదు. నిన్న ఓడిపోయిన మాట ఒకటి అక్కడే ఉంది, దాన్ని కూడా గోడకు పెట్టమంటున్నాను.

మొదటి అభ్యంతరం నిజంగా బరువైనది. పనిచేసిన చేతుల పట్ల గౌరవం లేకుండా నష్టాల చిట్టా మాత్రమే విప్పితే అదీ అన్యాయమే. స్కాట్లాండ్ నుంచి హెర్రింగ్ చేపల వెంట రేవు రేవుకూ తిరిగిన ఆడవాళ్ళు కత్తివాదరకూ ఉప్పుకూ వేళ్ళు తెగకుండా గుడ్డపీలికలు చుట్టుకుని, ముగ్గురేసి జట్టుగా, ఇద్దరు చేప కోస్తే ఒకరు పీపాలో పేరుస్తూ పనిచేశారు. వాళ్ళ వేగం, ఒడుపు నిజంగా అబ్బురమే. అయితే ఆ ముగ్గురికీ కూలి కట్టింది పీపా లెక్కన. 1936లో గ్రేట్ యార్మత్ రేవులో వాళ్ళు పీపా రేటు పెంచమని సమ్మె చేశారు. పీపాను కొలతగా చూపిస్తే వాళ్ళ ఒడుపూ తెలుస్తుంది, సమ్మె ఎందుకు చేశారో తెలుస్తుంది. గౌరవానికీ లెక్కకూ వైరం ఉందని నేను అనుకోను.

బహ్రెయిన్ ఈ విషయంలో ఒక దారి చూపించింది. 2012లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన అక్కడి ముత్యాల ప్రాంతంలో ముహర్రక్ నగరంలోని 17 భవనాలతోపాటు సముద్రం లోపలి మూడు ముత్యపు చిప్పల తిన్నెలు కూడా భాగం. వర్తకుడి మేడకు ఎంత రక్షణో చిప్ప పెరిగే తిన్నెకూ అంతే. చాలాచోట్ల ఈ ఆలోచనే రాలేదు. ఆ పరిశ్రమలో ఈతగాళ్ళు వేటకు ముందు తీసుకున్న సొమ్ముకు ఏళ్ళ తరబడి బాకీపడి ఉండేవారు, తండ్రి బాకీ కొడుకు మీద పడేది, ఖాతా ఎప్పుడూ అప్పిచ్చినవాడి దగ్గరే. 1920ల సంస్కరణల్లో ప్రతి ఈతగాడికీ తన లెక్క రాసిన పుస్తకం ఇవ్వాలన్నారు. వర్తకులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. మేడ, తిన్నె, ఖాతా పుస్తకం మూడూ ఒకచోట చూస్తే గాని ఆ వ్యాపారం అర్థం కాదు.

తిమింగలాల లెక్క

కొలబద్దే విధ్వంసానికి పనిముట్టయిన సందర్భం కూడా చెప్పాలి. దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవిలో గ్రిట్వికెన్ తిమింగలాల కేంద్రం 1904లో మొదలై 1960ల్లో మూతపడింది. ఆ ఒక్క దీవి కేంద్రాల్లోనే 1,75,000 పైచిలుకు తిమింగలాలను కోశారు. తుప్పు పట్టిన ఆ బానల ఫోటోలు పత్రిక వ్యాసంలోనూ ఉన్నాయి. అంటార్కిటిక్ వేటకు నియమాలే లేవనుకుంటే పొరపాటు. 1940ల నుంచి ఏడాదికి 16,000 ‘నీలి తిమింగలాల యూనిట్ల’ పరిమితి ఉండేది. ఒక నీలి తిమింగలం ఒక యూనిట్. దానికి సమానం రెండు ఫిన్ తిమింగలాలు, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సేయ్‌లు. ఒక్కోదాని నుంచి వచ్చే నూనెను బట్టి కట్టిన లెక్క ఇది. ఏ జాతి ఎంత మిగిలిందన్న ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా లేదు. నూనె ఎక్కువిచ్చే నీలి తిమింగలాన్ని వేటాడటమే లాభం కాబట్టి ముందు దాన్ని, అది అరుదయ్యాక ఫిన్‌ను, ఆ తర్వాత సేయ్‌ను వేటాడారు. పరిమితి ఉండగానే జాతి తర్వాత జాతి తరిగిపోయింది. 1972 దాకా ఈ యూనిట్ నడిచింది.

ఆ లెక్కలూ నిజం కావని తర్వాత తేలింది. దక్షిణార్ధగోళంలో యుద్ధానంతరం తాము చంపిన హంప్‌బ్యాక్‌లు సుమారు 2,700 అని సోవియట్ యూనియన్ అంతర్జాతీయ తిమింగలాల వేట కమిషన్‌కు నివేదించింది. అసలు సంఖ్య 48,000 పైనే. ఇది 1993లో మొదలుకొని బయటపడటానికి కారణం, ఓడల మీద పనిచేసిన కొందరు శాస్త్రజ్ఞులు అసలు పద్దులను రహస్యంగా దాచి ఉంచడం. పద్దు పుస్తకం చూపిస్తే జనం మళ్ళీ రారన్న మిత్రుడికి ఈ సంగతి చెప్పాను. ఆ పద్దులు సరే, వాటిని గోడకు పెడితే ఎంతమంది ఆగి చదువుతారన్నాడు. తక్కువమందే చదువుతారు. తిమింగలాలను పొడిచే హార్పూన్ ముందు ఫోటో దిగేవాళ్ళు దిగుతూనే ఉంటారు, దిగనివ్వాలి కూడా. ఆ ఇనుప ముక్కకు వేసే చీటీలో తయారైన ఏడూ బరువూ తర్వాత ఈ రెండు అంకెలకూ చోటుంటుంది కదా అన్నాను. చీటీ సైజు పెంచాల్సి వస్తుందన్నాడు. పెంచమన్నాను.